రాతిని పట్టిన బతుకు: సీ స్క్వర్ట్‌లు ఎక్కడ నిలుస్తాయి, గోదావరి మొగల దగ్గర ఎందుకు నిలవలేవు

సంక్షిప్తంగా: సీ స్క్వర్ట్‌లు రాతిని పట్టుకుని, నీటిని వడకట్టుకుని బతికే సముద్ర జీవులు. చూపుకు వెన్నెముక జాతితో ఏ పోలికా లేకపోయినా వంశరీత్యా ఇవి దానికి అతి దగ్గరి చుట్టాలు. ‘తన మెదడును తానే తినేసే జంతువు’ అని వీటి గురించి ప్రచారంలో ఉన్న మాట సగమే నిజం. చల్లని సముద్రాల రాతి తీరాల్లో ఇవి విరివిగా ఉండి, గోదావరి డెల్టా తీరంలో కానరాకపోవడానికి కారణం ఇక్కడి వేడి కాదు. రాయి లేకపోవడం, ఒండ్రు, వరద కాలపు తీపి నీరు అనే మూడూ కలిసి వీటికి అడ్డుపడుతున్నాయి. రేవులు, రాతి కట్టలు, ఎగువ ఆనకట్టల వల్ల ఈ మూడు అడ్డంకులూ కొద్దికొద్దిగా మారుతున్నాయి.

రాయిని తిరగేస్తే కనిపించేది

బ్రిటన్ వంటి చల్లని దేశాల రాతి తీరంలో అమావాస్యకో పున్నమికో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, నీటి అంచున పడి ఉన్న ఒక బండను తిరగేస్తే దాని అడుగు భాగం ఖాళీగా ఉండదు. బొటనవేలంత పొడవున్న పారదర్శకమైన తిత్తులు, చిక్కుడు గింజల్లా ఎర్రగా గుత్తులు కట్టిన బుడిపెలు, నక్షత్రాల ముగ్గు వేసినట్టు నీలం, పసుపు రంగుల్లో పరుచుకున్న మెత్తని పొర అక్కడ కనిపిస్తాయి. చూడటానికి వేర్వేరు జీవులనిపించే ఇవన్నీ ఒకే తెగకు చెందినవి. వేలితో మెల్లగా నొక్కితే తిత్తి ఒక్కసారిగా ముడుచుకుని, పైనున్న రెండు రంధ్రాల నుంచి సన్నని ధారగా నీరు చిమ్ముతుంది. సీ స్క్వర్ట్ అన్న పేరు ఆ చిమ్మడం వల్లనే వచ్చింది. శాస్త్ర గ్రంథాలు వీటిని అసీడియన్లు అంటాయి. తెలుగులో వీటికి వాడుక పేరు స్థిరపడలేదు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి మాత్రం ‘హెర్డ్మానియా’ పాఠంగా ఈ తెగ పరిచయమే. భారత సముద్రాల్లో దొరికే ఆ జాతి గురించి ఎస్.ఎం. దాస్ రాసిన వివరమైన గ్రంథం 1936లో వెలువడింది. అప్పటి నుంచి మన దేశపు పాఠ్యపుస్తకాల్లో ఈ తెగకు ప్రతినిధిగా హెర్డ్మానియా నిలిచిపోయింది.

శరీర నిర్మాణం ఒక వడపోత యంత్రాన్ని తలపిస్తుంది. రెండు రంధ్రాల్లో ఒకదాని గుండా నీరు లోపలికి వస్తుంది, రెండోదాని గుండా బయటికి పోతుంది. మధ్యలో శరీరంలో అధిక భాగాన్ని ఆక్రమించి, బుట్ట అల్లినట్టు వందలాది చిల్లులతో గ్రసని అనే గొంతు భాగం ఉంటుంది. ఆ చిల్లుల అంచున వెంట్రుకల్లా ఉండే సూక్ష్మమైన శైలికలు నిరంతరం కొట్టుకుంటూ నీటిని లోపలికి లాగుతాయి. గ్రసని ఒక పక్కన నిలువు గాడిలా ఉండే ఎండోస్టైల్ అనే భాగం జిగురుతో సన్నని వలను ఆపకుండా నేస్తూ ఉంటుంది. నీటిలోని సూక్ష్మ శైవలాలు, బాక్టీరియా ఆ వలలో చిక్కుకుంటాయి. వల చుట్టలా చుట్టుకుని, పట్టిన తిండితో సహా కడుపులోకి జారుతుంది. ఎండోస్టైల్ అయోడిన్‌ను కూడగట్టుకుంటుంది, అందుకే దీన్ని మనిషి మెడలోని థైరాయిడ్ గ్రంథికి పూర్వరూపంగా శాస్త్రవేత్తలు గుర్తించారు.

బయటి తొడుగు మరింత విచిత్రమైనది. చెట్టు కాండానికీ పత్తి నూలుకూ గట్టితనాన్నిచ్చే సెల్యులోజ్‌ను జంతువులు తయారు చేసుకోలేవు. సీ స్క్వర్ట్‌ల వర్గం మాత్రం తన తొడుగును సెల్యులోజ్‌తోనే కట్టుకుంటుంది. ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువు ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఒక బాక్టీరియా నుంచి ఈ వంశంలోకి చేరిందని జన్యు పోలికలు చెబుతున్నాయి. గుండె కూడా మామూలు పద్ధతిలో నడవదు. కొంతసేపు రక్తాన్ని ఒక దిక్కుకు తోసి, ఒక్క క్షణం ఆగి, తరువాత ఎదురు దిక్కుకు తోస్తుంది. కొన్ని జాతుల రక్తకణాల్లో వెనేడియం అనే లోహం పోగుపడుతుందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హెంజె 1911లో నేపుల్స్‌లో కనిపెట్టాడు. సముద్రపు నీటిలో లేశమాత్రంగా ఉండే ఆ లోహం కొన్ని జాతుల ఒంట్లో నీటిలోకంటే లక్షల రెట్లు, ఒక జాతిలో కోటి రెట్ల వరకు, చిక్కగా ఉంటుంది. దాని ప్రయోజనం ఏమిటన్నది ఇప్పటికీ తేలని ప్రశ్నే.

మెదడును తినేస్తుందన్న మాట

సామాజిక మాధ్యమాల్లో ఈ జీవి గురించి తరచూ తిరిగే వాక్యం ఒకటుంది: ‘ఇల్లు దొరకగానే ఇక ఆలోచించే పని లేదని తన మెదడును తానే తినేసే జంతువు.’ వినడానికి ఆకట్టుకునే ఈ మాట జరిగే క్రమాన్ని తప్పుగా చూపిస్తుంది. అసలు సంగతి తెలియాలంటే దీని పిల్ల దశ నుంచి మొదలుపెట్టాలి.

గుడ్డు నుంచి వచ్చే సీ స్క్వర్ట్ లార్వా సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండే తోకకప్ప వంటిది. దానికి ఈదే తోక ఉంటుంది. తోక నడుమ పృష్ఠవంశం అనే బిరుసైన కడ్డీ, దాని పైన నాడీదండం, ముందు భాగంలో చిన్న మెదడు, వెలుగును గుర్తించే ఒక కన్ను, పైకీ కిందికీ తేడా తెలిపే ఒక గరిమ గ్రాహకం ఉంటాయి. ఎక్కువగా పరిశోధనకు వాడే సియోనా అనే జాతిలో ఈ నిర్మాణం ఎంత క్లుప్తమైనదంటే పృష్ఠవంశంలో సరిగ్గా 40 కణాలు, కేంద్ర నాడీవ్యవస్థలో 177 నాడీకణాలు మాత్రమే లెక్కకు వచ్చాయి. పృష్ఠవంశం, పృష్ఠభాగాన నాడీదండం అనేవి చేప నుంచి మనిషి వరకు వెన్నెముక గల జీవులైన సకశేరుకాలన్నిటి పిండాల్లోనూ కనిపించే గుర్తులు. లిన్నేయస్ కాలంలో నత్తలు, ఆలిచిప్పల వరుసలో ఉంచిన ఈ జీవులకు అసలు బంధుత్వం ఎవరితోనో 1866లో రష్యన్ పిండశాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ ఈ లార్వాను గమనించే తేల్చాడు. అయిదేళ్ల తరువాత మానవ పరిణామం గురించి రాసినప్పుడు డార్విన్ ఈ పరిశోధనను ప్రస్తావించాడు. సియోనా జన్యుపటం 2002లో వెలువడింది. 2006లో వచ్చిన విస్తృత జన్యు పోలిక, అంతవరకు సకశేరుకాలకు అతి దగ్గరి చుట్టంగా భావించిన యాంఫియాక్సస్ అనే చేప వంటి చిన్న సముద్ర జీవిని పక్కకు జరిపి, ఆ స్థానం సీ స్క్వర్ట్‌ల వర్గానికి ఇచ్చింది.

ఈ లార్వాకు నోరు తెరుచుకుని ఉండదు. అది తినదు. గుడ్డులో తెచ్చుకున్న నిల్వతోనే కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు రోజుల వరకు ఈదుతుంది. చాలా జాతుల్లో మొదట వెలుగువైపు, తరువాత చీకటివైపు సాగుతుంది. అనువైన చోటు తగిలితే తల ముందు భాగంలోని జిగురు బుడిపెలతో అతుక్కుంటుంది. అక్కడి నుంచి మార్పు వేగంగా జరుగుతుంది. తోక శరీరంలోకి ముడుచుకుపోతుంది, పృష్ఠవంశం కరిగిపోతుంది, లార్వా నాడీకణాల్లో చాలావరకు చనిపోయి వాటి పదార్థం కొత్త అవయవాల నిర్మాణానికి వినియోగమవుతుంది, నోటి రంధ్రం రాతికి ఎదురు దిశలో ఉండేలా శరీరం లోపల తిరుగుతుంది. ఇది జరిగిన కొద్ది రోజులకు గానీ తిండి తినడం మొదలు కాదు.

అంటే మెదడు కరిగే వేళకు తినడానికి నోరే లేదు. పైగా నాడీవ్యవస్థ అంతటితో అంతరించిపోదు. నిలిచిన కణాల నుంచి పెద్దజీవికి కావలసిన కొత్త నాడీగ్రంథి తయారై, రెండు రంధ్రాల మధ్య కుదురుకుంటుంది. స్పర్శకు ముడుచుకోవడం, నీటి ప్రవాహాన్ని ఆపడం, గుడ్లను విడుదల చేయడం వంటి పనులకు అదే ఆధారం. సియోనాలో ఈ గ్రంథిని శస్త్రచికిత్సతో తొలగించినా కొన్ని వారాల్లో తిరిగి పెరుగుతుంది. మెదడును వదులుకున్న జీవికి ఆ పని అక్కర ఉండదు. వరిచేలో తోకకప్ప కప్పగా మారేటప్పుడు దాని తోక కూడా ఇలాగే శరీరంలో కలిసిపోతుంది. కప్ప తన తోకను తిన్నదని ఎవరూ అనరు.

పాఠ్యపుస్తకాల్లోని ‘తిరోగమన రూపవిక్రియ’ అనే పేరు కూడా ఈ అపోహకు కొంత దోహదం చేసింది. ముందుకు పోవలసిన జీవి వెనక్కి పోయిందన్న భావన ఆ మాటలోనే ఉంది. నిజానికి పోయినవి కదలికకు కావలసిన అవయవాలు మాత్రమే. వాటి స్థానంలో వచ్చిన వడపోత బుట్ట, తొడుగు, మొగ్గలు తొడిగి సమూహాలుగా పెరిగే శక్తి, లార్వాకు లేనివి. కొలత సకశేరుకాలది అయినప్పుడే ఇది తిరోగమనం. రాతి మీది బతుకును కొలతగా తీసుకుంటే ఇది చోటుకు తగిన మార్పు.

చల్లని రాతి తీరంలో వీటి స్థానం

రాతి తీరాన్ని దూరం నుంచి చూస్తే అడ్డగీతలు గీసినట్టు జీవుల పట్టీలు కనిపిస్తాయి. పై అంచున ఎండకు తట్టుకునే చిన్న నత్తలు, కింద తెల్లని బార్నకిల్స్, వాటి కింద మస్సెల్ ఆలిచిప్పలు, గోధుమరంగు సముద్రపు నాచులు, అట్టడుగున నీరు ఎప్పుడో గానీ తగ్గని చోట కెల్ప్ అనే పెద్ద నాచు ఉంటాయి. ఈ అంతస్తులను తీర్చేది పోటు, పాటుల కొలత. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ఛానల్‌లో పెద్ద పోటుకూ పెద్ద పాటుకూ మధ్య తేడా 12 మీటర్లకు మించిపోతుంది. కాకినాడ దగ్గర అది సుమారు రెండు మీటర్ల లోపే. తేడా పెద్దదైన కొద్దీ తీరం మీద గాలికి బయటపడే భాగం పెరిగి, అంతస్తులు విడివిడిగా తేలుతాయి.

సీ స్క్వర్ట్‌ల స్థానం ఈ నిచ్చెనలో అట్టడుగు మెట్టు, అది కూడా చాలావరకు రాతి కింది ముఖం. దీనికి మొదటి కారణం ఎండిపోవడం. ఆలిచిప్ప రెండు డొప్పలను బిగించి లోపలి తడిని కాపాడుకుంటుంది, బార్నకిల్ తన పలకలను మూసేస్తుంది. సీ స్క్వర్ట్‌కు ముడుచుకోవడమే తెలుసు. మెత్తని తొడుగు గల జాతులు గంటల తరబడి ఎండను, చలిగాలిని ఓర్చుకోలేవు. రెండో కారణం వెలుతురులో పెరిగే నాచులతో పోటీ. నాచు ఒక్క రుతువులో రాతి పై ముఖమంతా కమ్ముకుంటుంది, కాబట్టి వెలుగు అందని కింది ముఖాలు, బండల సందులు, గుహల కప్పులు వడపోత జీవులకు మిగులుతాయి. లార్వా చివరి దశలో చీకటివైపు ఈదడం ఈ అవసరానికి సరిపోతుంది. పైనుంచి రాలే మట్టి కూడా కింది ముఖం మీద పేరుకోదు. గోదావరి తీరం విషయంలో ఈ చివరి అంశమే కీలకమవుతుంది.

అయితే ఈ నియమానికి పెద్ద మినహాయింపు దక్షిణార్ధగోళంలో ఉంది. ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలో కంజెవాయ్ అని పిలిచే ప్యూరా జాతి, అలలు నేరుగా విరిగిపడే రాళ్ల మీద, బహిరంగంగా, తివాచీలా దట్టంగా పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో దాని దగ్గరి జాతిని చేపల ఎరగా వాడతారు. చిలీలో ఇదే కంజెవాయ్ జాతి దేశపు సుదీర్ఘ తీరంలో ఆంటొఫగాస్టా అఖాతాన్ని మాత్రమే పట్టుకుని ఉంది. ఈ జాతుల తొడుగు తోలులా మందంగా ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళను లోపల పట్టి ఉంచిన నీటితోనే గడుపుతాయి. పాదంతో తొక్కితే ఎగజిమ్మే నీటి ధార ఆ నిల్వదే.

చల్లని సముద్రాల్లో రుతువుల తేడా తీవ్రం. వసంతంలో సూక్ష్మ శైవలాలు ఒక్కసారిగా పెరిగి నీరు చిక్కబడుతుంది, శీతకాలంలో తిండి పలుచబడుతుంది. క్లావెలినా అనే జాతి శీతకాలం రాగానే పై భాగాన్ని వదులుకుని, రాతికి అంటిన వేరు వంటి భాగంలో మొగ్గలు దాచుకుని, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. అరటి పిలక నుంచి కొత్త చెట్టు వచ్చినట్టే ఇదీ. నక్షత్రాల ముగ్గును పోలిన బొట్రిల్లస్ సమూహంలో ఒక్కో రేకూ ఒక్కో జీవి. అనువైన వేడిమిలో సుమారు వారానికి ఒకసారి పాత తరం మొత్తం కరిగిపోయి, దాని పక్కన మొగ్గలుగా పెరిగిన కొత్త తరం ఒకేసారి ఆ చోటును తీసుకుంటుంది. రెండు సమూహాలు పెరుగుతూ ఒకదానికొకటి తగిలితే, జన్యుపరంగా దగ్గరివైతే రక్తనాళాలతో సహా కలిసిపోతాయి, కాకపోతే అంచున నల్లని గీతలా కణాలు చచ్చి రెండూ విడిపోతాయి. మనిషికి అవయవ మార్పిడి చేసినప్పుడు శరీరం ఒప్పుకోవడం, తిరస్కరించడం ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఈ చిన్న పొర ఎన్నో దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో పనికొస్తున్నది.

గోదావరి మొగల దగ్గర అడ్డుపడేవి

చల్లని తీరాల జీవి కనుకనే ఇవి ఆంధ్ర తీరంలో కనబడవని అనుకోవడం సహజం. అది సరికాదు. ప్రపంచంలో ఇంతవరకు వర్ణించిన సుమారు 3,000 అసీడియన్ జాతుల్లో అనేకం ఉష్ణ సముద్రాలవే. తమిళనాడులో తూత్తుకుడి దగ్గర, మన్నార్ సింధుశాఖలో వీటి జాతులు విరివిగా నమోదయ్యాయి. రాతి కొండలు సముద్రంలోకి చొచ్చుకువచ్చిన విశాఖపట్నంలో రేవు కట్టడాలకు పట్టే జీవుల జాబితాలో ఇవీ ఉన్నాయి. విశాఖ నుంచి కాకినాడ దూరం సుమారు 150 కిలోమీటర్లే, సముద్రపు వేడిమిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి కారణాన్ని నేలలోనూ నీటిలోనూ వెతకాలి.

మొదటిది నేల. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి, వాటి పాయలతో కలిసి సముద్రంలో కలిసే ప్రాంతమంతా నది తెచ్చిన ఒండ్రు, ఇసుకలతో ఏర్పడినదే. అంతర్వేది నుంచి భైరవపాలెం మీదుగా కాకినాడ వరకు తీరం వెంట ఇసుక తిన్నెలు, ఉప్పుటేర్లు, బురద మేటలు, మడ అడవులే తప్ప సహజమైన రాతి బండ లేదు. కాకినాడ అఖాతాన్ని సముద్రం నుంచి కాపాడే హోప్ ఐలాండ్ కూడా అలలు, ప్రవాహాలు కలిసి మేట వేసిన ఇసుక దిబ్బే. లార్వాకు ఉన్న వ్యవధి గంటల్లో లెక్క. ఆ లోపల అతుక్కోవడానికి గట్టి ఉపరితలం దొరకకపోతే నిల్వ అయిపోయి చనిపోతుంది. బురదలో దిగినది బురదలో కూరుకుపోతుంది. బురద నేలల మీద బతకడానికి అలవాటుపడిన జాతులూ ఈ తెగలో లేకపోలేదు గానీ అవి కొద్ది.

కోరింగ మడ అడవుల్లో చెట్ల వేర్లు, ఆలిచిప్పల గుత్తులు, వలలు కట్టే కర్రలు గట్టి ఉపరితలాలే. 235 చదరపు కిలోమీటర్ల పైగా విస్తరించిన ఈ అభయారణ్యంలో వేర్లకు కొదవ లేదు. కరీబియన్ సముద్రపు మడ చెట్ల వేర్ల మీద ఎక్టినాసిడియా అనే సీ స్క్వర్ట్ ద్రాక్ష గుత్తుల్లా వేలాడుతుంది కూడా. మడ వేరు ఒక్కటే చాలినట్లయితే కోరింగలోనూ అలాంటి దృశ్యమే ఉండాలి. కరీబియన్ నీరు తేటగా, ఏడాది పొడవునా ఉప్పగా ఉంటుంది. ఇక్కడి నీరు అలా ఉండదు.

రెండో అడ్డంకి ఒండ్రు. ఈ విషయంలో సీ స్క్వర్ట్‌నూ గుల్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. కాకినాడ అఖాతపు బురదలో పాటు వేళ ఏరుకునే గుల్లలు కూడా నీటిని వడకట్టే తింటాయి. కానీ గుల్ల నోటి దగ్గర ఉండే మడతలు తినదగిన కణాన్నీ మట్టి రేణువునూ వేరు చేసి, మట్టిని తినకముందే బయటికి తోసేస్తాయి. మేట కప్పేస్తే గుల్ల తన కండర పాదంతో పైకి జరుగుతుంది. సీ స్క్వర్ట్‌కు ఏరివేసే ఏర్పాటు లేదు. జిగురు వలలో పడినదంతా, మట్టితో సహా, కడుపులోకి పోతుంది. మట్టి మరీ ఎక్కువైతే ముడుచుకుని నీటితో పాటు చిమ్మేయగలదు గానీ, చిమ్ముతున్నంతసేపూ తినలేదు. వర్షాకాలంలో గోదావరి ‘ఎర్రనీరు’ దిగినప్పుడు ఈ స్థితి ఒక పూటది కాదు, వారాల తరబడి సాగుతుంది. వడపోత బుట్ట మూసుకుపోయిన జీవి ఆకలితోనే చనిపోతుంది.

మూడోది తీపి నీరు. సముద్రపు నీటిలో లవణం వేయికి సుమారు 35 పాళ్లు. అది 25 పాళ్లకు తగ్గితే ఎక్కువ అసీడియన్ జాతులు ఓర్చుకోలేవు. ఒంటిలోని లవణాన్ని బయటి నీటితో సంబంధం లేకుండా నిలుపుకునే అవయవాలు వీటికి లేవు. బయటి నీరు తీపెక్కితే లోపలి ద్రవాలూ పలుచబడతాయి. నది ఏడాదిలో మోసుకువచ్చే నీటిలో అత్యధిక భాగం జూన్ నుంచి అక్టోబరు వరకు వచ్చే నైరుతి రుతుపవన కాలానిదే. పులస కోసం వలలు వేసే ఆ రోజుల్లో మొగల దగ్గర పై పొరల నీరు ఉప్పదనం కోల్పోతుంది. మడ వేరు మీది ఆలిచిప్ప డొప్పలు బిగించి రోజుల తరబడి ఆ గండం గట్టెక్కుతుంది. ఎండకు ఓర్చలేకపోయిన కారణమే ఇక్కడా సీ స్క్వర్ట్‌కు ఎదురవుతుంది: దానికి మూసుకునే తలుపు లేదు.

చాలా జాతుల ఆయుర్దాయం ఏడాదికి అటూ ఇటూ. వేసవిలో ఉప్పెక్కిన నీటిలో ఒక కర్రను పట్టిన జీవి పెరిగి గుడ్లు పెట్టే దశకు వచ్చినా, ఆషాఢ శ్రావణాల వరద దాన్ని తుడిచేస్తుంది. మరుసటి ఏడు బయటి సముద్రం నుంచి లార్వాలు రావాలి. అవి దూరం ఈదలేవు. ఈ మూడు అడ్డంకుల్లో ఏ ఒక్కటీ పూర్తి నిషేధం కాదు. మూడూ ప్రతి ఏడూ ఒకే చోట కలవడమే ఈ తీరం ప్రత్యేకత.

తిండిగా, మందుగా

జపాన్ ఈశాన్య తీరంలోని సన్రికు ప్రాంతంలో హోయా, కొరియాలో మొంగే అనే పేర్లతో హలోసింథియా జాతిని తాళ్లకు వేలాడదీసి పెంచుతారు, పచ్చిగా కోసి తింటారు. అయోడిన్ వాసన, చేదు, తీపి కలిసిన దాని రుచి అలవాటైనవారికే ఇష్టమంటారు. 2011 సునామీ సన్రికు తీరపు పెంపకాన్ని ధ్వంసం చేసింది. చిలీలో ప్యూరా జాతి ‘పియూరే’ను నిమ్మరసం, ఉల్లితో తింటారు.

వైద్యంలో పేరు తెచ్చుకున్నది మడ వేర్ల మీది ఎక్టినాసిడియాయే. దాని నుంచి వేరుచేసిన ట్రాబెక్టెడిన్ అనే పదార్థం మెత్తని కణజాలాల్లో వచ్చే సార్కోమా క్యాన్సర్‌కు మందుగా ఐరోపాలో 2007లో, అమెరికాలో 2015లో అనుమతి పొందింది. కొద్ది గ్రాముల మందుకు టన్నుల కొద్దీ జీవులు కావలసి రావడంతో దాన్ని పాక్షికంగా ప్రయోగశాలలో తయారుచేసే దారి వెతికారు. కదలలేని, డొప్ప లేని జీవికి రసాయనమే రక్షణ కాబట్టి ఈ తెగలో ఇటువంటి పదార్థాలు దొరకడం యాదృచ్ఛికం కాదు.

మనిషి వేసిన రాయి

సహజంగా రాయి లేని డెల్టా తీరానికి ఇప్పుడు రాయి వస్తున్నది. కాకినాడలో ఒకప్పుడు ఓడలు దూరాన లంగరు వేసుకుంటే బార్జీలు సరుకు మోసేవి. 1997లో లోతునీటి రేవు మొదలైన తరువాత అలలను ఆపే రాతి కట్టలు, సముద్రంలోకి దిగిన కాంక్రీటు స్తంభాలు శాశ్వతమయ్యాయి. ఉప్పాడ దగ్గర కోతను ఆపడానికి తీరం పొడవునా బండరాళ్లు పోశారు. రెండూ రాళ్లే అయినా సీ స్క్వర్ట్ దృష్టిలో రెండూ ఒకటి కావు. ఉప్పాడ బండల్లో ఎక్కువ భాగం నీటికి పైన ఎండుతూ, అల వచ్చినప్పుడు ఇసుక రాపిడికి గురవుతూ ఉంటుంది. రేవు స్తంభం నీటిలో మునిగే భాగం ఎన్నడూ ఎండదు, నిలువుగా ఉండటం వల్ల మట్టి పేరుకోదు, పైన వేదిక నీడ పడుతుంది. చల్లని తీరంలో తిరగేసిన బండ కింది ముఖానికి ఉన్న లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా సీ స్క్వర్ట్‌లు సహజ రాళ్లకంటే రేవుల్లోనే దట్టంగా కనిపించడానికి కారణం ఇదే.

అవి రేవు నుంచి రేవుకు చేరే మార్గం ఓడ అడుగు. లార్వా సముద్రాలు దాటలేదు, పట్టుకున్న పెద్దజీవి మాత్రం ఓడతో పాటు ఖండాలు దాటుతుంది. వాయవ్య పసిఫిక్‌కు చెందిన స్టైలా క్లావా 1953లో ఇంగ్లాండ్‌లోని ప్లిమత్‌లో కనబడింది. కొరియా యుద్ధం నుంచి తిరిగి వచ్చిన నౌకలు దాన్ని మోసుకువచ్చి ఉంటాయన్నది బలమైన అంచనా. అదే జాతి 1990ల చివర కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కు చేరి, మస్సెల్ పెంచే తాళ్లను కమ్ముకుని, పంటకంటే బరువెక్కి రైతులను ఇబ్బంది పెట్టింది. డిడెమ్నమ్ వెక్సిల్లమ్ అనే మరో జాతి కారిపడిన మైనంలా పరుచుకుంటూ, కింద ఉన్న జీవులను కప్పేస్తుంది. పీకి నీటిలో పడేస్తే ముక్కలు మళ్లీ అతుక్కుని పెరుగుతాయి కాబట్టి, గీకి శుభ్రం చేసిన చెత్తను ఒడ్డుకు చేర్చకపోతే శుభ్రం చేయడమే వ్యాప్తికి దారి అవుతుంది.

కాకినాడకు ఈ ముప్పు ఎంత అన్నది నీటి మీదే ఆధారపడి ఉంటుంది. వరద కాలపు తీపి నీరు ఇప్పటి వరకు ప్రతి ఏటా ఒక గేటులా పనిచేస్తున్నది. ఆ గేటు తాళం ఎగువన ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి, తరువాత పరీవాహక ప్రాంతమంతటా కట్టిన జలాశయాలతో, సముద్రానికి చేరే ఒండ్రు తగ్గుతూ వచ్చింది. డెల్టా అంచున తీరం కోతకు గురికావడానికి దాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా పరిశోధకులు చూస్తున్నారు. వేసవిలో సముద్రంలోకి పోయే నీరు స్వల్పం. పెద్ద వరదలు ఇంకా వస్తూనే ఉన్నాయి, వాటిని ఏ ఆనకట్టా పూర్తిగా ఆపలేదు. అయితే వరద రోజులు తగ్గి, ఉప్పు నీటి నెలలు పెరిగి, ఒండ్రు పలుచబడి, గట్టి ఉపరితలాలు ఎక్కువైన కొద్దీ, ఒకే చోట కలిసే మూడు అడ్డంకుల్లో ఒక్కొక్కటీ సడలుతుంది. ఆలిచిప్పలు, పచ్చ మస్సెల్ వంటి వాటిని తాళ్ల మీద పెంచే ఆలోచన ఈ తీరంలో ఎప్పుడు ముందుకు వచ్చినా ఈ లెక్కను ముందే వేసుకోవలసి ఉంటుంది.

పరిశీలనకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. జానెడు వెడల్పున్న ప్లాస్టిక్ పలకలను రేవు గట్టు నుంచి తాడుతో ఒక మీటరు లోతున, నీడలో వేలాడదీసి, నెలకోసారి పైకి తీసి కింది ముఖం మీద పట్టినవాటిని లెక్కించే పద్ధతిని చాలా దేశాల రేవుల్లో వాడుతున్నారు. డెల్టాలో దీనికి తగిన సమయం నీరు ఉప్పెక్కిన జనవరి నుంచి మే వరకు. జూలైలో ఎర్రనీరు దిగిన తరువాత అవే పలకలను మళ్లీ పైకి తీస్తే, ఆ ఏడాది గేటు ఎంత గట్టిగా మూసుకుందో పలక అడుగున మిగిలినవాటి సంఖ్యే చెబుతుంది.